అమెరికా ఫెడరల్ కోర్టుల్లో దేని మీద అప్పీలుంటుంది, దేని మీద ఉండదు, ఈ గీత ఎవరు గీశారు?

ప్లేనో_సుధీర్:
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా తొలుస్తున్న డౌట్ ఇది, లా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా. 2025 ఏప్రిల్‌లో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ ఉండే గవర్నమెంటు డేటాబేసు) గుంపులు గుంపులుగా టెర్మినేట్ చేశారు గుర్తుందా, మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారందులో, మా పిన్ని కొడుకు ఒకడు. చాలా రాష్ట్రాల్లో జిల్లా కోర్టు జడ్జీలు టీఆర్‌వోలు, అంటే కొద్ది రోజులపాటు ఆపమనే ఆర్డర్లు, ఇచ్చి ఆపారు, ఆ నెలాఖరుకి గవర్నమెంటే వెనక్కి తగ్గి రికార్డులు తిరిగి పెట్టడం మొదలెట్టింది. ఆ మధ్య రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఒకాయనేమో టీఆర్‌వో మీద అప్పీలుండదు ధైర్యంగా ఉండండి అన్నాడు, ఇంకొకాయన ఎందుకుండదు, పై కోర్టుకి పోతే గంటలో ఎగిరిపోతుంది అన్నాడు. ఇద్దరూ లాయర్లే. నేనడిగేది ఏంటంటే పై కోర్టంటే కింది కోర్టు చేసిన ఏ పనైనా చూసే పవర్ ఉన్నట్టే కదా, మరి ఇది వింటాం అది వినం అనే గీత ఎవరు గీశారు? రాజ్యాంగమా, కాంగ్రెస్సా, జడ్జీలే గీసుకున్నారా?

ఎడిసన్_పద్మ:
సుధీర్ గారూ, నేను న్యూజెర్సీలో ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర పారాలీగల్‌గా చేస్తున్నా, రోజూ చూసేది చెప్తాను. అమెరికాలో సర్క్యూట్ కోర్టుకి, అంటే ఫెడరల్ జిల్లా కోర్టుల పైన ఉండే అప్పీళ్ళ కోర్టుకి, పుట్టుకతో వచ్చిన పవర్ ఏమీ లేదు. ఫలానా దాని మీద అప్పీలు వినొచ్చు అని కాంగ్రెస్ చేసిన చట్టంలో రాసుంటేనే వింటుంది, రాసి లేకపోతే ఎంత ఘోరమైన తప్పు కళ్ళకి కనపడుతున్నా ఫైలు మూసేయాల్సిందే. ఆ రాసిన చోటు ఫెడరల్ చట్టాల్లో కోర్టుల గురించిన భాగం, టైటిల్ 28. దాంట్లో సెక్షన్ 1291 ఇంటి ముందు తలుపు లాంటిది, జిల్లా కోర్టుల ఫైనల్ డెసిషన్ల మీద అప్పీళ్ళు సర్క్యూట్ కోర్టు వింటుంది అంటుంది. 1292 పెరటి తలుపు, కేసు ఇంకా నడుస్తుండగానే పైకి పోగలిగినవి కొన్ని అందులో ఉంటాయి, ముఖ్యంగా ఇంజంక్షన్ (ఫలానా పని చెయ్యమనో ఆపమనో కోర్టు ఆదేశం) ఇచ్చిన ఆర్డర్లు, ఇవ్వనన్న ఆర్డర్లు.

ఇక మీ టీఆర్‌వో. దాని పేరు 1292లో లేదు. అది మామూలుగా 14 రోజులుండేది, కారణం చూపిస్తే ఇంకోసారి పొడిగిస్తారు, అంత కొద్దికాలం ఉండే దాని మీద అప్పీలుండదు అన్నది పాత రూలు. కానీ కోర్టు ఆర్డరు పైన పెట్టిన పేరు చూసి ఆగిపోదు, అది చేసే పని చూస్తుంది. సరిగ్గా ఆ ఏప్రిల్ 4నే టీచర్ ట్రైనింగ్ గ్రాంట్ల కేసులో, అంటే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ వర్సెస్ కాలిఫోర్నియాలో, కింది కోర్టు ఇచ్చింది పేరుకి టీఆర్‌వో అయినా పని మాత్రం కేసు తేలేదాకా ఉండే ప్రిలిమినరీ ఇంజంక్షన్ పనే అని సుప్రీంకోర్టు 5-4తో చెప్పి దాన్ని ఆపేసింది. అందుకే ఆ ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెప్పారు, ఒకాయన రూలు చెప్పాడు, ఇంకొకాయన ఆ వారం గాలి ఎటు వీస్తోందో చెప్పాడు.

ఓరుగల్లు_పోరడు:
గిదెక్కడి న్యాయం అక్కా. తప్పు తీర్పని కండ్ల ముందు కనవడుతాంది, పైన కూసున్నోళ్లకు సుత తెలుసు, అయినా మా తాన రాసి లేదు పో అంటరా? మరి పై కోర్టు ఎందుకు పెట్టుకున్నట్టు? ఫైనల్ అయ్యేదాంక ఆగుమంటే గప్పటికి మనిషి సగం సచ్చిపోతడు, పైసలు అయిపోతయ్, వీసా అయిపోతది. నాకైతే ఇది పెద్దోళ్లకు పనికొచ్చే రూల్ లెక్క అనిపిస్తాంది.

బాపట్ల_వకీలు:
తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది కానీ ఇటు వైపు కూడా చూడు. నేను జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేసినవాణ్ణి. ఒక దావాలో చిన్నా పెద్దా ఎన్ని ఆర్డర్లు వస్తాయో తెలుసా, ఈ డాక్యుమెంటు మార్క్ చెయ్యాలా వద్దా, ఆ సాక్షిని మళ్ళీ పిలవాలా, వాయిదా ఇవ్వాలా వద్దా, వీటిలో ప్రతి దానికీ పైకి పోవచ్చు అంటే డబ్బున్న పార్టీ ప్రతి దానికీ పోతాడు, పేదవాడు ఒక్కొక్క అప్పీలుకీ లాయర్ని పెట్టుకోలేక మధ్యలోనే రాజీ పడిపోతాడు. అందుకే కేసు మొత్తం అయ్యాక తప్పులన్నీ ఒక్కసారే పట్టుకుని రా అంటారు. 1945లో కాట్లిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఫైనల్ అంటే ఏంటో చెప్పింది, వివాదం మీద నిర్ణయం అయిపోయి ఆ తీర్పు అమలు చెయ్యడం తప్ప కోర్టుకి ఇంకేం పని మిగలకూడదు అని. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) కూడా అంతే కదా, డిక్రీ మీద సెక్షన్ 96 కింద అప్పీలు, మధ్యలో వచ్చే ఉత్తర్వుల్లో ఆర్డర్ 43 లిస్టులో ఉన్నవాటికే అప్పీలు, లిస్టులో లేకపోతే రివిజన్ అనో రాజ్యాంగం ఆర్టికల్ 227 అనో వేరే దారి వెతుక్కోవాలి.

లా_చదువుతున్నా_వైజాగ్:
సార్ చెప్పింది కరెక్టే కానీ నాకు ఇందులో నచ్చని భాగం ఒకటుంది. కాంగ్రెస్ ఫైనల్ అని ఒక్క మాట రాసింది, ఆ మాటని సాగదీసింది మాత్రం జడ్జీలే. 1949లో కోహెన్ వర్సెస్ బెనిఫిషియల్ కేసులో, కేసు అవ్వకపోయినా కొన్ని ఆర్డర్లని ఫైనల్ లాగానే చూడొచ్చు అన్నారు, దాన్ని కొలేటరల్ ఆర్డర్ అంటారు. ఆ విషయం మీద కింది కోర్టు తేల్చేసి ఉండాలి, అసలు వివాదంతో కలవని వేరే ముఖ్యమైన విషయం అయ్యుండాలి, చివరిదాకా ఆగితే ఇక బాగుచెయ్యలేనిది అయ్యుండాలి, ఈ మూడూ ఉంటే వెంటనే పైకి పోవచ్చు. 1985లో మిచెల్ వర్సెస్ ఫోర్సిత్‌లో దీన్నే పట్టుకుని గవర్నమెంటు ఆఫీసర్లు నాకు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ (డ్యూటీలో చేసినదానికి దావా నుంచి రక్షణ) ఉంది అంటే అది కాదన్న ఆర్డరు మీద వెంటనే అప్పీలుకి పోవచ్చు అన్నారు (చట్టం ప్రశ్న అయితేనే అనుకోండి). అసలు ట్రయల్ నుంచే కాపాడటానికి ఇచ్చిన రక్షణ కాబట్టి ట్రయల్ అయ్యాక దాన్ని తిరిగి ఇవ్వలేం అని లాజిక్. అదే 2009లో మోహాక్ ఇండస్ట్రీస్ కేసులో లాయరుకీ క్లయింటుకీ మధ్య మాటలు బయటపెట్టమన్న ఆర్డరు మీద మాత్రం వెంటనే అప్పీలు లేదన్నారు. ఒకసారి బయటపడ్డ రహస్యాన్ని మాత్రం తర్వాత తిరిగి ఇవ్వగలరా? పోలీసాఫీసరుకి ఒక రకం, మామూలు పార్టీకి ఒక రకం అన్నట్టు లేదూ? ఓరుగల్లు అన్న చెప్పినదాంట్లో విషయం ఉంది.

ఓరుగల్లు_పోరడు:
సూసిన్రా, సదువుకునేటోళ్లే అంటాన్రు.

బాపట్ల_వకీలు:
అమ్మా, మోహాక్‌లో కోర్టు ఇంకో మాట కూడా అంది, ఇలాంటి కొత్త దారులు తెరవాలంటే ఒక్కో కేసులో మేం తీర్పు చెప్పడం కంటే రూల్స్ కమిటీ ద్వారా చెయ్యడం మంచిది అని. కాంగ్రెసే 1990ల్లో సుప్రీంకోర్టుకి ఆ రూల్ రాసే పవర్ ఇచ్చింది. క్లాస్ యాక్షన్ (ఒకరు చాలామంది తరఫున నడిపే దావా) సర్టిఫికేషన్ మీద మధ్యలోనే అప్పీలుకి పర్మిషన్ అడగొచ్చు అనే 23(ఎఫ్) రూలు అలా వచ్చిందే. జడ్జీలు సాగదీశారు అన్నది నిజమే, ఎక్కువ సాగకుండా వాళ్ళే పట్టుకున్నారు అన్నదీ నిజమే. పోలీసాఫీసరు విషయంలో మాత్రం నువ్వన్నదానికి నా దగ్గర జవాబు లేదు, నాకూ అది రుచించదు. దీని మీద మన ఫెడరల్ కోర్టు తీర్పొకటి ఉంది, తర్వాత చెప్తా.

ప్లేనో_సుధీర్:
ఫెడరల్ కోర్టు మనకెక్కడిది సార్? సరే అది తర్వాత చెప్పండి. ముందు ఇది, కాంగ్రెస్ రాస్తేనే పవర్ అంటున్నారు, మరి రాజ్యాంగంలో ఏమీ లేదా? సుప్రీంకోర్టుకి కూడా ఇదే రూలా?

రిటైర్డ్_సోషల్_మాస్టారు:
నాయనా సుధీర్, రాజ్యాంగంలో ఉంది, అసలు మెలికంతా అక్కడే ఉంది. మూడో ఆర్టికల్ ఒక్క సుప్రీంకోర్టునే పేరు పెట్టి చెప్పింది, మిగతా కింది కోర్టులు కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పెడితే పెట్టొచ్చు అంది. అంటే సర్క్యూట్ కోర్టు అనేదే కాంగ్రెస్ పుట్టించింది, పుట్టించినవాళ్ళే పరిధి చెప్తారు. సుప్రీంకోర్టు సంగతికొస్తే రాయబారుల కేసులూ ఒక రాష్ట్రం పార్టీగా ఉన్న కేసులూ నేరుగా వినొచ్చు అని చెప్పి, మిగతా వాటన్నిట్లో చట్టం మీదా వాస్తవాల మీదా అప్పీలు వినే పవర్ ఉంటుంది, కాకపోతే కాంగ్రెస్ చేసే మినహాయింపులకీ నియమాలకీ లోబడి అని ఒక తోక తగిలించారు. రెండువందల ఏళ్ళకి పైగా గొడవంతా ఆ తోక మీదే.

మొదటి కాంగ్రెస్ 1789లో జ్యుడీషియరీ యాక్ట్ చేసింది. అందులో సెక్షన్ 25 రాష్ట్ర సుప్రీంకోర్టుల నుంచి అప్పీళ్ళు తెచ్చేది, అది కూడా ఫెడరల్ హక్కుని కాదన్నప్పుడే. దాన్ని వర్జీనియా కోర్టు ఒప్పుకోను పొమ్మంది, 1816లో మార్టిన్ వర్సెస్ హంటర్స్ లెస్సీలో జస్టిస్ స్టోరీ ఆ పవర్ ఉందని తేల్చాడు. 1810లో దురూసో కేసులో చీఫ్ జస్టిస్ మార్షల్ ఇంకో సూత్రం చెప్పాడు, కాంగ్రెస్ ఫలానావి వినొచ్చు అని రాసిందంటే రాయనివి వినకూడదు అని చెప్పినట్టే. పద్మ గారు రాసి ఉంటేనే అన్నది సుప్రీంకోర్టు విషయంలో ఈ మాట నుంచి వచ్చిందే.

తర్వాత కేసులు కుప్పలు పడ్డాయి, 1891లో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టులు పెట్టారు, 1925లో జడ్జీలే పట్టుబట్టి తెప్పించుకున్న చట్టంతో ఏ కేసు వినాలో చాలావరకు సుప్రీంకోర్టే ఎంచుకునే పద్ధతి వచ్చింది, 1988లో తప్పనిసరిగా వినాల్సినవి దాదాపు అన్నీ తీసేశారు. ఇవాళ తొమ్మిది మందిలో నలుగురు విందాం అంటేనే వింటారు. వేల పిటిషన్లు పడితే ఏడాదికి అరవై డెబ్భై మాత్రం వాదనకొస్తాయి.

ఓరుగల్లు_పోరడు:
మాస్టారూ ఒక్కటి చెప్పుర్రి. ఆ తోక పట్టుకొని కాంగ్రెస్ రేపు ఏదన్న కేసు నడుస్తుండంగనే ఇది వినే పవర్ మీకు తీసేసినం అంటే ఏమైతది? కోర్టు నోరు మూసుకోవాల్నా?

రిటైర్డ్_సోషల్_మాస్టారు:
అది జరిగింది నాయనా. ఈ కథ క్లాసులో చెప్పేవాణ్ణి, చెప్పిన ప్రతిసారీ మనసు బరువెక్కేది. సివిల్ వార్ అయ్యాక దక్షిణాది రాష్ట్రాల్లో మిలిటరీ పాలన పెట్టారు. మిసిసిపీలో విక్స్‌బర్గ్ అనే ఊళ్ళో మెకార్డిల్ అనే పత్రికా సంపాదకుడు ఆ పాలనని తిడుతూ రాస్తే 1867 నవంబర్‌లో సైన్యం అరెస్టు చేసింది, మిలిటరీ కమిషన్ ముందు విచారణ. అతని అభిప్రాయాలు మంచివేం కావు, నల్లవాళ్ళకి ఓటు హక్కు వద్దనే పక్షం అతనిది. కానీ సివిలియన్ని సైన్యం విచారించొచ్చా అన్నది పెద్ద ప్రశ్న. అతను హెబియస్ కార్పస్ (నన్ను అక్రమంగా బంధించారు, విడిపించండి అనే పిటిషన్) వేశాడు, కింద ఓడాడు, సుప్రీంకోర్టుకి అప్పీలు చేశాడు. ఆ అప్పీలు హక్కు 1867 ఫిబ్రవరిలో కాంగ్రెస్ చేసిన చట్టంలోది, విడుదలైన బానిసల్ని, కేంద్రం పక్షాన నిలబడ్డవాళ్ళని కాపాడటానికి చేసిన చట్టం. 1868 మార్చిలో వాదనలు కూడా అయిపోయాయి. కోర్టు ఆ మిలిటరీ పాలన పెట్టిన రీకన్‌స్ట్రక్షన్ చట్టాలనే కొట్టేస్తుందేమో అని కాంగ్రెస్‌కి భయం పట్టుకుంది, మార్చి 27న ఆ అప్పీలు పవర్నే రద్దు చేసేసింది, ప్రెసిడెంట్ జాన్సన్ వీటో చేస్తే దాన్ని కూడా తోసిరాజని చేసింది. కోర్టు 1869 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశాలు ఏంటో మేం అడగం, పవర్ పోయాక కోర్టుకి మిగిలే పని ఆ విషయం ప్రకటించి కేసు కొట్టెయ్యడం ఒక్కటే అని చీఫ్ జస్టిస్ చేజ్ రాశాడు.

లా_చదువుతున్నా_వైజాగ్:
మాస్టారూ, ఆ తీర్పు చివర్లో ఒక పేరా ఉంటుంది కదండీ, దాన్ని వదిలేస్తే మెకార్డిల్ సగమే చదివినట్టు. 1867 చట్టం కింద ఇచ్చిన అప్పీలే పోయింది, 1789 నుంచి ఉన్న పాత హెబియస్ పవర్ అలాగే ఉంది అని చేజ్ అక్కడే చెప్పాడు. అదే ఏడాది ఎక్స్ పార్టే యర్గర్‌లో ఆ పాత దారిలోనే కోర్టు వచ్చి నాకు పవర్ ఉంది అంది. అంటే కాంగ్రెస్ ఒక దారి మూసింది, అన్ని దారులూ మూసినప్పుడు ఏమవుతుందో మెకార్డిల్ తేల్చలేదు. 1996లో ఫెల్కర్ వర్సెస్ టర్పిన్‌లోనూ ఇంతే, ఒక దారి మూసినా నేరుగా సుప్రీంకోర్టులోనే వేసే ఒరిజినల్ హెబియస్ పిటిషన్ దారి ఉంది కాబట్టి చట్టం చెల్లుతుంది అన్నారు. 1872లో క్లైన్ కేసు ఇంకా ముఖ్యం, ప్రెసిడెంట్ క్షమాభిక్ష ఉన్నవాళ్ళు గెలిస్తే కోర్టు తన పవర్ పోయిందని చెప్పి కేసు కొట్టెయ్యాలి అని కాంగ్రెస్ రాస్తే, కోర్టు అది అప్పీలు పరిధి తగ్గించడం కిందకి రాదు, తీర్పు ఎలా ఇవ్వాలో మాకు చెప్పడం అది, కుదరదు అంది. గీత గీసే పవర్ కాంగ్రెస్‌దే, గీత పేరు చెప్పి గెలుపోటములు రాసే పవర్ మాత్రం లేదు.

ఎడిసన్_పద్మ:
వీళ్ళు చెప్పినవి పెద్ద పెద్ద కేసులు, నేను చిన్న మనిషి కేసు ఒకటి చెప్తా. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదట చెప్పేది ఇదే. ఒహాయోలో బౌల్స్ అనే ఖైదీ హెబియస్ ఓడిపోయాడు, అప్పీలు టైము దాటింది, టైము తిరిగి తెరవమని అడిగితే జడ్జి సరే అన్నాడు. చట్టం ప్రకారం తిరిగి తెరిచాక 14 రోజులే ఇవ్వాలి, జడ్జి ఎందుకో ఆర్డర్లో 17 రోజులు అని ఫిబ్రవరి 27 తేదీ వేసి ఇచ్చాడు. బౌల్స్ జడ్జి ఇచ్చిన తేదీకి ఒక రోజు ముందే, 26న వేశాడు. అంటే చట్టం ఇచ్చిన 14 దాటాక. 2007లో సుప్రీంకోర్టు 5-4తో ఏమందంటే ఆ గడువు కాంగ్రెస్ చట్టంలో రాసింది, అది అప్పీలు కోర్టు పవర్‌కే హద్దు, కోర్టు జాలి పడి పొడిగించడానికి లేదు, జడ్జి మాట నమ్మినా సరే. అప్పీలు పోయింది. మనుషుల పట్ల న్యాయవ్యవస్థ ఇలా ప్రవర్తించడం సహించరానిది అని జస్టిస్ సూటర్ డిసెంట్ (ఒప్పుకోని జడ్జి రాసే వేరే అభిప్రాయం) రాశాడు. ఆయన రాసింది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే ఆర్డరులో ఉన్న తేదీని నమ్మకూడదు అని ఏ మామూలు మనిషికి తడుతుంది చెప్పండి.

అందుకే గుర్తుపెట్టుకోండి. సివిల్ కేసులో నోటీస్ ఆఫ్ అప్పీల్ 30 రోజుల్లో, గవర్నమెంటు పార్టీ అయితే 60 రోజుల్లో, అది చట్టంలో ఉన్న గడువు కాబట్టి రాయి మీద గీతే. కోర్టు రూల్స్‌లో మాత్రమే ఉండి చట్టంలో లేని గడువైతే అంత కఠినం కాదని 2017లో హేమర్ కేసులో చెప్పారు, అవతలి పార్టీ అభ్యంతరం చెప్పకపోతే కోర్టు తనంతట తాను కొట్టెయ్యదు. ఆర్డరులో జడ్జి ఏ తేదీ వేసినా మీరు చట్టం తీసి ఒకసారి లెక్క వేసుకోండి.

ఓరుగల్లు_పోరడు:
ఈ బౌల్స్ కేసు సదివితే కడుపు మండుతాంది అక్కా. జడ్జి తప్పు చేస్తే శిక్ష ఖైదీకా? మా తాన అయితే లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 కింద డిలే కండోన్ చెయ్యమని, అంటే ఆలస్యం మన్నించుమని, అడుగుతం, సరైన కారణం ఉంటే కోర్టు ఒప్పుకుంటది. గా మానవత్వం గూడ లేని చట్టం ఏం చట్టం?

బాపట్ల_వకీలు:
సెక్షన్ 5 మనకి కూడా పార్లమెంటు ఇచ్చిందే తమ్ముడూ. కోర్టు తనంతట ఇచ్చిన దయ కాదది, చట్టమే కోర్టు చేతిలో పెట్టింది. అక్కడ కాంగ్రెస్ అలా పెట్టలేదు. తప్పు ఎవరిది అంటే నేను కాంగ్రెస్ వైపే చూపిస్తాను, సూటర్ వైపు నిలబడతాను కానీ.

ఎడిసన్_పద్మ:
ఇమిగ్రేషన్ దగ్గరికొద్దాం, మనవాళ్ళందరికీ తగిలేది ఇదే. డిపోర్టేషన్ ఫైనల్ ఆర్డరు మీద జిల్లా కోర్టుకి పోరు, నేరుగా సర్క్యూట్ కోర్టుకి పిటిషన్ ఫర్ రివ్యూ, 30 రోజుల్లో. ఆ 30 రోజులు కోర్టు పవర్‌కి హద్దు కిందకి రావని 2025లో రైలీ వర్సెస్ బాండీలో చెప్పారు, అంత మాత్రాన ఆలస్యం చేస్తే ఏం కాదు అనుకోకండి, గవర్నమెంటు అభ్యంతరం చెప్తే ఓడిపోయే ప్రమాదం అలాగే ఉంది.

కానీ అదే చట్టంలో, టైటిల్ 8 సెక్షన్ 1252లో, ఆఫీసరు విచక్షణ మీద ఇచ్చే రిలీఫుల గురించి కోర్టులు చూడకూడదు అని ఒక గోడ కట్టారు, రాజ్యాంగ ప్రశ్నలూ చట్టం ప్రశ్నలూ మాత్రం చూడొచ్చు అని చిన్న సందు వదిలారు. జార్జియాలో పంకజ్‌కుమార్ పటేల్ అని మన దేశం మనిషే, డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో సిటిజన్ అన్న గడిలో టిక్ పెట్టాడు. పొరపాటున పెట్టానన్నాడు, నిజానికి సిటిజన్ కాకపోయినా ఆ లైసెన్సుకి అతను అర్హుడే అన్నది వాదన. ఇమిగ్రేషన్ జడ్జి నమ్మలేదు. ఆ నమ్మకపోవడం తప్పు అని అప్పీలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు 5-4తో వాస్తవాల మీద ఇచ్చిన నిర్ణయాన్ని మేం చూడలేం, పవర్ లేదు అంది. జస్టిస్ గోర్సచ్ గట్టిగా వ్యతిరేకించాడు. రెండేళ్ళకి విల్కిన్సన్ కేసులో కొంచెం ఊపిరి దొరికింది, తేలిన వాస్తవాలకి చట్టంలోని కొలత సరిపోయిందా లేదా అన్నది చట్టం ప్రశ్నే కాబట్టి చూడొచ్చు అన్నారు.

ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఉన్నవాళ్ళు 2024 డిసెంబర్‌లో వచ్చిన బూఆర్ఫా తీర్పు కూడా తెలుసుకోండి. ఒకసారి ఒప్పుకున్న పిటిషన్‌ని తర్వాత రివోక్ చేస్తే అది ఏజెన్సీ విచక్షణ, కోర్టులు చూడవు అని తొమ్మిది మందీ ఏకగ్రీవంగా అన్నారు. అది పెళ్ళి పిటిషన్ కేసే కానీ రివోక్ చేసే సెక్షన్ 1155 ఐ-140కి కూడా అదే.

ప్లేనో_సుధీర్:
పద్మ గారూ ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళ క్యూలో ప్రయారిటీ డేటు పట్టుకుని ఉన్నవాళ్ళకి ఈ మాట ఎవరూ చెప్పరండీ. హెచ్-1బీ రిజెక్ట్ అయితే మరి?

ఎడిసన్_పద్మ:
అది వేరే దారి. హెచ్-1బీ డినయల్ మీద ఏపీఏ చట్టం (గవర్నమెంటు ఏజెన్సీల నిర్ణయాల్ని కోర్టులో ప్రశ్నించే చట్టం) కింద జిల్లా కోర్టులో కేసు వేస్తారు, మామూలుగా పిటిషనర్ మీ కంపెనీ కాబట్టి కంపెనీ వెయ్యాలి. అక్కడ ఓడితే 1291 కింద సర్క్యూట్‌కి అప్పీలు. ఏ సర్క్యూట్ అన్నది కేసు నడిచిన చోటుని బట్టి, టెక్సాస్ అయితే న్యూ ఆర్లీన్స్‌లో ఉండే ఫిఫ్త్, మా న్యూజెర్సీ అయితే ఫిలడెల్ఫియాలో థర్డ్. ఒక్క ఫెడరల్ సర్క్యూట్ మాత్రం చోటుని బట్టి ఉండదు, విషయాన్ని బట్టి ఉంటుంది, 1982లో పెట్టారు, పేటెంట్ కేసులు దేశంలో ఎక్కడ నడిచినా అప్పీలు అక్కడికే. మన డాక్టర్ రెడ్డీస్ మీద ఫైజర్ ఆమ్లోడిపిన్ గురించి వేసిన కేసు న్యూజెర్సీలోనే నడిచింది, అయినా థర్డ్‌కి రాలేదు, 2004లో ఫెడరల్ సర్క్యూటే తేల్చింది.

బాపట్ల_వకీలు:
ఇప్పుడు నేను దాచుకున్నది చెప్తా. సుధీర్ గారూ, మనకీ ఫెడరల్ కోర్టు ఉండేది. 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టంతో 1937లో ఢిల్లీలో పెట్టారు, మొదటి చీఫ్ జస్టిస్ సర్ మారిస్ గ్వయర్. దాని అప్పీలు పవర్ సెక్షన్ 205లో ఉంది, చాలా ఇరుకు. హైకోర్టు తీర్పు, డిక్రీ, ఫైనల్ ఆర్డరు మీదే, అదీ ఈ చట్టానికి అర్థం చెప్పాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఉందని హైకోర్టే సర్టిఫికెట్ ఇస్తే. కిందివాడు చీటీ ఇస్తేనే పైవాడు వినాలి. ఇక్కడ కూడా అదే ఫైనల్ అన్న మాట. 1947లో కుప్పుస్వామి రావు వర్సెస్ ది కింగ్‌లో ఒక ఉద్యోగి, ముందస్తు అనుమతి లేకుండా నా మీద ప్రాసిక్యూషన్ చెల్లదు అన్నాడు, హైకోర్టు కాదంది, ఫెడరల్ కోర్టుకి పోతే, నీ కేసు ఇంకా బతికే ఉంది కాబట్టి ఇది ఫైనల్ ఆర్డరు కాదు, మేం వినలేం అన్నారు. అమెరికాలో మిచెల్ కేసు ఆఫీసరుకి తెరిచిన దారి మన ఫెడరల్ కోర్టు అంతకు ముప్పై ఎనిమిదేళ్ళ ముందే తెరవనంది. వైజాగ్ అమ్మాయికి ఇది నచ్చుతుందనుకుంటా.

తర్వాత 1948లో పరిధి పెంచారు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి పోయే సివిల్ అప్పీళ్ళు పది వేల రూపాయల విలువ దాటితే ఫెడరల్ కోర్టుకి వచ్చేలా. సరిగ్గా ఆ రోజుల్లో, 1949 ఏప్రిల్ 22న మా బాపట్ల సబ్ కోర్టులో గరికపాటి వీరయ్య గారి మీద దావా పడింది, విలువ 11,400 రూపాయలు. సబ్ కోర్టు తీర్పొచ్చేసరికి ఫెడరల్ కోర్టే లేదు, రాజ్యాంగం వచ్చి సుప్రీంకోర్టు వచ్చింది, ఆర్టికల్ 133లో విలువ ఇరవై వేలకి పెంచారు. 1955లో గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు తీర్పు మార్చింది, సుప్రీంకోర్టుకి పోతామంటే మీ విలువ చాలదు, సర్టిఫికెట్ ఇవ్వం అంది. 1957లో సుప్రీంకోర్టులో చీఫ్ జస్టిస్ ఎస్.ఆర్. దాస్ బెంచ్ ఏం చెప్పిందంటే, అప్పీలు అనేది ప్రొసీజర్ ముచ్చట కాదు, హక్కు, దావా వేసిన రోజే అది పుడుతుంది, తర్వాత వచ్చిన చట్టం స్పష్టంగానో, తప్పనిసరిగా ఆ అర్థం వచ్చేలాగానో తీసేస్తే తప్ప అది పోదు. జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఒక్కరే ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ దేశంలో ఏ కోర్టులో అప్పీలు హక్కు గురించి వాదన వచ్చినా మా ఊరి దావా పేరు చదవాల్సిందే, నా మటుకు నాకు అది గర్వం.

లా_చదువుతున్నా_వైజాగ్:
సార్ వీరయ్య కేసు మాకు సిలబస్‌లో ఉంది కానీ ఇంటర్ప్రిటేషన్ పేపర్లో ఒక్క లైనుగా ఉంది, దాని వెనక ఫెడరల్ కోర్టు పరిధి ఉందని ఇలా ఎవరూ చెప్పలేదు. కానీ ఒకటి, మెకార్డిల్‌నీ వీరయ్యనీ పక్కపక్కన పెడితే రెండూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఢీకొనవు కదా? మెకార్డిల్‌లో కాంగ్రెస్ స్పష్టంగా రద్దు చేసింది, వీరయ్య సూత్రం ప్రకారం చూసినా స్పష్టంగా తీసేస్తే పోతుంది.

బాపట్ల_వకీలు:
బాగా పట్టుకున్నావమ్మా. సూత్రం దగ్గర పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే మన ఆర్టికల్ 136, స్పెషల్ లీవ్. సైనిక కోర్టులు తప్పించి దేశంలో ఏ కోర్టు, ఏ ట్రిబ్యునల్ ఆర్డరు మీదైనా సుప్రీంకోర్టు ఇష్టపడితే వినొచ్చు అని రాజ్యాంగమే చెప్పింది, కాంగ్రెస్ మినహాయింపులకి లోబడి అనే తోక దానికి లేదు. మామూలు చట్టంలో ఈ తీర్పే ఫైనల్ అని రాసినా 136 పోదు. వీరయ్య గారు కూడా చివరికి స్పెషల్ లీవ్ పిటిషన్‌తోనే లోపలికొచ్చారు. హైకోర్టుల విషయంలో 1997లో చంద్రకుమార్ కేసు, ఏడుగురు జడ్జీలు, 226, 227 కింద ఉన్న సమీక్ష పవర్ రాజ్యాంగ మౌలిక స్వరూపం, సవరణతో కూడా తీసెయ్యలేరు అన్నారు, దానికి ముందే మన ఏపీ హైకోర్టు ఫుల్ బెంచ్ సకినాల హరినాథ్ కేసులో అదే మాట చెప్పింది. అది అప్పీలు కాదు సమీక్ష అనుకో, కానీ పటేల్ లాంటివాడికి ఇక్కడైతే కనీసం తట్టడానికి ఒక చోటు ఉండేది.

ఓరుగల్లు_పోరడు:
గీ ముచ్చట నచ్చింది సార్. వినుడు వినకపోవుడు తర్వాత సంగతి, తట్టనీకి చోటుండాలె. కాకపోతే 136 కింద పడ్డయన్నీ ఢిల్లీల కుప్పలు కుప్పలుగ పెండింగ్ ఉన్నయ్ గదా, ఎక్కువ శాతం ఒక్క నిమిషంల కొట్టేస్తరు. అమెరికోళ్లది ఇరుకు గీత, మనది గీతనే లేనట్టు. రెండింటికి నడుమ ఏదన్న ఉంటదా?

రిటైర్డ్_సోషల్_మాస్టారు:
అమెరికాలోనే నడుమ దారి ఒకటి 1958లో పెట్టారు, 1292(బి). జిల్లా జడ్జే ఇది కేసుని నడిపించే చట్టం ప్రశ్న, దీని మీద గట్టి అభిప్రాయభేదం ఉంది, ఇప్పుడే తేలిస్తే కేసు త్వరగా అవుతుంది అని ఆర్డరులో రాయాలి, రాసిన 10 రోజుల్లో సర్క్యూట్‌ని అడగాలి, సర్క్యూట్ కూడా సరే అనాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే దారి. మన ఫెడరల్ కోర్టు సర్టిఫికెట్‌కీ దీనికీ చుట్టరికం కనిపిస్తుంది నాకు, కాకపోతే అక్కడ అప్పీలు లేనివాడు తీర్పు వచ్చేదాకా ఆగితే చాలు, ఇక్కడ సర్టిఫికెట్ రాకపోతే ఇక ఫెడరల్ కోర్టు మొహం చూసే వీలే లేదు.

ప్లేనో_సుధీర్:
అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఆఖరుగా ఒకటి పద్మ గారూ, మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడికి వేరే కేసులో జిల్లా కోర్టు ఫైనల్ జడ్జిమెంట్ వచ్చింది, అవతల పార్టీ యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ పిటిషన్లు చూసే గవర్నమెంటు ఏజెన్సీ). నోటీస్ ఆఫ్ అప్పీల్ నేరుగా న్యూ ఆర్లీన్స్ పంపాలా?

ఎడిసన్_పద్మ:
వద్దు. నోటీస్ ఆఫ్ అప్పీల్ జిల్లా కోర్టు క్లర్క్ దగ్గరే వెయ్యాలి, ఏ కోర్టు తీర్పు మీద అప్పీలో అక్కడే. పిటిషన్ ఫర్ రివ్యూ అయితేనే నేరుగా సర్క్యూట్‌లో. పొరపాటున సర్క్యూట్‌కి పంపితే వాళ్ళు తేదీ వేసి జిల్లా కోర్టుకి తిప్పి పంపుతారు కానీ ఆ రిస్క్ ఎందుకు. గవర్నమెంటు పార్టీ కాబట్టి 60 రోజులు, జడ్జిమెంట్ డాకెట్లో (కోర్టు కేసు రిజిస్టరులో) ఎక్కిన తేదీ నుంచి లెక్క, చేతికొచ్చిన తేదీ నుంచి కాదు. ఆ అబ్బాయిని ఇవాళే డాకెట్ తీసి ఆ తేదీ చూడమనండి, లాయర్ని ఈ వారంలోనే కలవమనండి.